కర్ర పట్టినవాడి మాట

ఇత్తడి రేకుకి నాలుగు స్క్రూలు, ఆ నాలుగూ నెవిల్ తన చేత్తో బిగించినవే. నలభై ఏళ్ళ కిందట, ఈ హాల్లోనే, ఊరంతా కింద నిలబడి చూస్తుంటే కుర్చీ ఎక్కి బిగించాడు. నీది పనిమంతుడి చెయ్యి, నువ్వే బిగించు అన్నారు, అన్నకి తమ్ముడు కాక ఎవరు చేస్తారు అన్నారు, కాదనడానికి నోరు రాలేదు. రేకు మీద అక్షరాలు ఇక్కణ్ణించి కనపడవు గానీ కళ్ళు మూసుకున్నా చదవగలడు: ఈ కర్రను తమ్ముడి చేతికిచ్చి తాను సముద్రంలో కలిసిపోయిన డెరిక్ జ్ఞాపకార్థం, థార్న్‌ఫ్లీట్ గ్రామస్థులు. రేకు పైన ఆ కర్ర, బురద లోతు చూసే తొమ్మిదడుగుల కర్ర, రెండు కొక్కేల మీద అడ్డంగా. దాని కింద ఇవాళ తెల్లటి తెర కట్టారు, టీవీలో వచ్చే కార్యక్రమం ఊరంతా కలిసి చూడ్డానికి. కాసేపట్లో ఆ తెర మీదికి జాన్ రాజు వస్తాడు, ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఈ ఊరి పక్క బురదలో బండ్లూ గుర్రాలూ నగలూ పోగొట్టుకున్న రాజు, ఆ రాజుకి ముందో వెనకో మధ్యలోనో నెవిల్ కూడా వస్తాడు. వచ్చి ఏం మాట్లాడతాడో, అదే నెవిల్‌కి తెలీదు. పక్క కుర్చీలో వదిన మావిస్ ఉంది, డెరిక్ భార్య, ఒళ్ళో చేతిసంచీ, సంచీ మీద రెండు చేతులు, డెరిక్ లేకుండా నలభై ఒక్క ఏళ్ళు బతికిన మనిషి. గోడ గడియారం ఆరుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఈ వారంలోనే చెప్పెయ్యాల్సింది. సోమవారం మావిస్ ఇంటికి వెళ్ళాడు వంటింటి కుళాయి చూసే వంకతో, బుధవారం వెళ్ళాడు అదే కుళాయికి, శుక్రవారం మళ్ళీ అదే కుళాయి. వాషర్ మార్చాడు, మార్చిన వాషర్ తీసి పాతదే పెట్టాడు, కోటు జేబులో ఎప్పుడూ ఉండే స్క్రూడ్రైవర్‌తో బిగించిందే మళ్ళీ బిగించాడు. కిటికీ గట్టు మీద డెరిక్ కత్తి ఉంది, కొమ్ము పిడి కత్తి, సముద్రంలో పోయిన రోజు పొద్దున మరిచిపోయి వెళ్ళిన కత్తి, ఇన్నేళ్ళుగా మావిస్ దాంతోనే ఆపిల్ పళ్ళు చెక్కు తీస్తోంది, అరిగి అరిగి సన్నబడిపోయింది. దాని వంక చూడకుండా పని చేశాడు. తలుపు దాకా వచ్చి, ఇంకేమన్నా ఉందా నెవిల్, అందామె. ఏం లేదు అన్నాడు. మూడు రోజులూ అదే ప్రశ్న, అదే జవాబు. అరవై మూడేళ్ళ వాడు, ఊళ్ళో సగం ఇళ్ళ కప్పులు ఎక్కినవాడు, ఒక్క వాక్యం నోటినించి దింపుకోలేకపోయాడు. మరి ఏప్రిల్‌లో ఆ అమ్మాయికి ఎట్లా చెప్పాడు, పేరు ఇమోజెన్, ఎర్ర టోపీ, పాతికేళ్ళుంటాయేమో, సముద్రపు కట్ట మీద గాలికి జుట్టంతా నోట్లో పడుతుంటే కెమెరా పక్కన నిలబడి మామూలుగా అడిగింది, బురదలోకి దిగాక వెనక్కి తిరగాల్సిన వేళ ఎవరు నిర్ణయిస్తారండీ, అని. అంతే అడిగింది. నలభై ఒక్క ఏళ్ళలో ఈ ఊళ్ళో ఎవరూ ఆ మాట అడగలేదు, ఎందుకంటే అందరికీ జవాబు తెలుసనుకున్నారు. కర్ర పట్టినవాడండీ అన్నాడు. మరి మీ అన్నగారు పోయిన రోజు, అందా అమ్మాయి. అంతటితో నోరు తెరుచుకుంది, ఇక మూతపడలేదు. చెప్పాడు, మొత్తం చెప్పాడు, పక్కన యంత్రం మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. తర్వాత ఆ పిల్ల టోపీ తీసి, ఇందులో ఎంత ఉంచుతారో నా చేతుల్లో లేదండీ, పైవాళ్ళు కత్తిరిస్తారు, అని ఒక కాగితం ఇచ్చింది. సంతకం చేశాడు. ఎందుకు చేశాడంటే ఇప్పటికీ చెప్పలేడు.

దీపాలు తీశారు. అరవై మంది ఉంటారు, కుర్చీలు కిర్రుమన్నాయి, వెనక టీ కాచే పెద్ద స్టీలు డబ్బా బుసలు కొడుతోంది, హాలు పనులన్నీ నెత్తిన వేసుకునే థెల్మా దాన్ని ఆపనంటుంది, మధ్యలో అందరికీ టీ కావాలి కదా అంటుంది. తెర మీద బురద, ఆకాశం, బాతులు, డ్రమ్ములు మోగినట్టు సంగీతం. అది మనది కాదు అన్నాడెవరో చీకట్లో, మన దగ్గర కొండ ఎక్కడిది, అది వేరే దేశంలో తీశారు. నవ్వులు. రాజు గుర్రం మీద వచ్చాడు, నల్ల గడ్డం, తెల్లటి పళ్ళు, బూట్ల మీద చుక్క బురద లేదు. "వాడి పళ్ళు చూడు, నావీ అట్లా ఉంటే నేనూ రాజునే" అన్నాడు ముందు వరుసలోంచి గోర్డన్, దుంపలు పండించే రైతు, రాజుగారి నగలు తన పొలం కిందే ఉన్నాయని ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నవాడు, ఆ రోజుల్లో అక్కడ సముద్రం, ఇప్పుడతని దుంపలు. అందరూ మళ్ళీ నవ్వారు. జనం ఇంత సంతోషంగా ఉన్నారే, పండగకి వచ్చినట్టు వచ్చారే, వీళ్ళందరి ముందూ తన గొంతు ఆ స్పీకరు పెట్టెల్లోంచి పెద్దగా వినిపిస్తే. రాజు ఎందుకంత తొందరపడ్డాడో ఒక పండితురాలు చెబుతోంది, ప్రభువులు తిరగబడ్డారు, కడుపులో జబ్బు మొదలైంది, తను చుట్టుదారిన పొడినేల మీద పోయాడు, సామాన్ల బండ్లని మాత్రం అడ్డదారిన, ఆటుకి నీళ్ళు తీసిన ఇసక మీదుగా పొమ్మన్నాడు. నీళ్ళు పూర్తిగా తియ్యకముందే దిగారని ఆ కాలపు సన్యాసి ఒకాయన రాసిపెట్టాడట. నీళ్ళు తియ్యకముందే. దిగడం సులువమ్మా, అనుకున్నాడు నెవిల్ ఆ పండితురాలితో, దిగడం ఎవరైనా దిగుతారు, తిరగడం దగ్గరే ఉంది అంతా. కుడి మణికట్టు మీద పాత మచ్చ దురద పెట్టింది, అది వానకి ముందు దురద పెడుతుంది, అబద్ధం ఆడినప్పుడూ పెడుతుంది.

ప్రకటనలు వచ్చాయి, సబ్బులూ కార్లూ. దీపాలు వేశారు. ఇదే సమయం, నాలుగు నిమిషాలుంటుంది, నాలుగు నిమిషాలు చాలు, మావిస్ నీకొక మాట చెప్పాలి, ఆ తెర చెప్పకముందే నేనే చెప్పాలి అని మొదలుపెడితే చాలు. "మావిస్" అన్నాడు. ఆమె తిరిగి చూసింది, బూడిద రంగు కళ్ళు, తొందరేం లేని కళ్ళు. "ఊ?" అంది. అప్పుడే థెల్మా మీద పడింది, ఒక చేతిలో గుడ్డు శాండ్విచ్‌ల పళ్ళెం, ఇంకో చేతిలో లక్కీ డ్రా టికెట్లు, చర్చి కప్పు కోసం, మన సినిమా హీరో రెండన్నా కొనకపోతే ఎలాగ అంటూ. కొన్నాడు. చేతికి వచ్చిన నాణేలన్నీ ఇచ్చేశాడు, గులాబీ రంగు టికెట్లు ఆరు చేతిలో పెట్టి వెళ్ళింది. ముందు వరుసలోంచి గోర్డన్ వెనక్కి తిరిగాడు, నోట్లో శాండ్విచ్, "ఎంతైనా నెవిల్, జాన్ రాజుకీ మన డెరిక్‌కీ ఒకటే జబ్బు. ఇంకొక్క బస్తా, ఇంకొక్క బస్తా అని" అన్నాడు, ప్రేమగానే అన్నాడు, పాపం గోర్డన్‌కి కుళ్ళు లేదు, నలభై ఏళ్ళుగా ఊరు అంటున్న మాటే అన్నాడు. డెరిక్‌కి ఆశ ఎక్కువ, వేళకి తిరగలేదు, కానీ చివర్లో మనసు గొప్పది, కర్ర తమ్ముడికిచ్చాడు. పబ్బులో ఇదే కథ, చర్చిలో ఇదే, బళ్ళో పిల్లలకి నీళ్ళ జాగ్రత్త నేర్పేటప్పుడూ ఇదే. మావిస్ చేతిసంచీ పట్టీ మెలిక పడితే సరిచేసుకుంది. నెవిల్ నేల వైపు చూశాడు, ఈ మాట ఎవరన్నప్పుడైనా చూసేది అటే. దీపాలు మళ్ళీ తీసేశారు.

ఆ రోజు ఎండ. ఆగస్టు. అందరూ పొగమంచనుకుంటారు గానీ మంచి ఎండ, బురద మెరుస్తోంది, ఉప్పు బురదలో మొలిచే సాంఫైర్ కూర మోకాలి కిందిదాకా ఎదిగి ఉంది, ఉప్పు వాసన, బస్తాకి మంచి ధర పలికే కాలం. సముద్రపు కట్ట మీద డెరిక్ అలవాటుగా కర్ర తీశాడు. ఇవాళ నాకివ్వు అన్నాడు నెవిల్. ఇరవై రెండేళ్ళు, కొత్తగా మీసం, పోస్టాఫీసు పిల్ల ఒకతి నువ్వు ఎప్పుడూ మీ అన్న వెనకే నడుస్తావేం అని నవ్విందని కోపం. డెరిక్ కాసేపు చూసి, సరే, అయితే చెయ్యి చాపు అన్నాడు. నాన్న నేర్పిన ముడి, కర్రకి ఒక కొస, మణికట్టుకి ఒక కొస, బురద కర్రని లాక్కుంటే మనిషి చేతిలోంచి పోకూడదు. ఆ ముడి డెరిక్ కట్టాడు, రెండుసార్లు లాగి చూసి కట్టాడు, ఇక నీ మాటే అన్నాడు. కర్ర పట్టినవాడి మాట ఆ రోజుకి శాసనం. పెద్దవాడైనా తండ్రైనా ఎదురు చెప్పకూడదు, బురదలో ఇద్దరు రెండు మాటలు అనుకుంటే ఇద్దరూ పోతారని నాన్న అనేవాడు. ముందు తను, కర్రతో పొడుస్తూ, వెనక అన్న, బస్తాలతో. ఎంత గర్వం. ఎంత వెధవ గర్వం. అంచున మంచి కూర కనపడింది, ఇంకా ముందుకి, ఇంకా ముందుకి. తిరుగుదామా అన్నాడు డెరిక్, మామూలుగా. ఇంకొంచెం అన్నాడు తను. మళ్ళీ కాసేపటికి, నెవిల్, తిరుగుదాం, అన్నాడు. ఈసారి మామూలుగా కాదు. నా చేతిలో ఉంది కర్ర అన్నాడు తను, వెనక్కి చూడకుండా, కొడవలితో కోస్తూ. డెరిక్ మూడోసారి అనలేదు. అతనికి దారి తెలుసు, వేళ తెలుసు, తమ్ముణ్ణి మెడపట్టి ఈడ్చుకుపోగల బలముంది, కానీ నాన్న మాట నాన్న మాటే, వంగి బస్తాలో కూర కుక్కుతూ ఉండిపోయాడు. ఇరవై అయిదు నిమిషాలు. చేతి గడియారం చూసుకున్నాడు కాబట్టి తెలుసు. ఆ ఇరవై అయిదు నిమిషాలూ నలభై ఒక్క ఏళ్ళుగా అయిపోలేదు, పొద్దున పళ్ళు తోముకుంటున్నప్పుడూ నడుస్తూనే ఉంటాయి, ఎవరింటి కప్పు మీదో పెంకులు సర్దుతున్నప్పుడూ నడుస్తూనే ఉంటాయి.

తెర మీద బండ్లు దిగుతున్నాయి. ఎవరూ ఇప్పుడు నవ్వడం లేదు. ఎద్దులు, గుర్రాలు, పెట్టెలు, ముందు ఒక బక్కపల్చని మనిషి కర్ర పట్టుకుని, చరిత్రలో పేరు లేని ఆ దారి చూపేవాణ్ణి సినిమా వాళ్ళే పుట్టించుకున్నారు, కర్ర కూడా తప్పుగా పట్టించారు, చీపురు పట్టినట్టు. ఆ మనిషి ఆగి అటూ ఇటూ చూశాడు. వద్దురా, తిరుగు, అనుకున్నాడు నెవిల్, పెదవులు కదిలాయేమో, మావిస్ ఇటు చూసినట్టనిపించింది. నీళ్ళు ముందునించి రాలేదు, అది బాగానే తీశారు, వెనకనించి వచ్చాయి, వాగుల్లోంచి, చప్పుడు లేకుండా, నడిచొచ్చిన దారినే మూసుకుంటూ. అయ్యో ఆ గుర్రాలు అంది థెల్మా. ఎవరో ముక్కు చీదారు. పొడినేల మీద రాజు నిలబడి చూస్తున్నాడు, ముఖం దగ్గరగా చూపించారు, కళ్ళు తడి. "నువ్వే కదా పంపావు, ఇప్పుడేడిస్తే" అంది వెనక వరుసలో ఒకావిడ, గట్టిగా, హాలంతా ఔనౌనంది. ఒడ్డున నిలబడ్డవాడిదే తప్పు. జనానికి తెలుసు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి తప్పు ఎవరిదో ఇట్టే తేల్చేశారు, పక్కన కూర్చున్నవాడి తప్పు మాత్రం ఇత్తడి రేకు వేసి గోడకెక్కించారు. నెవిల్ చొక్కా వీపు తడిసిపోయింది. రెండో విడత ప్రకటనలు ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు పోయాయో తెలీలేదు. చేతిలో టీ ఉంది, మావిస్ పెట్టిందే, పంచదార రెండు చెంచాలు, చెప్పకుండానే వేసింది, ఎప్పుడూ అంతే. నోరు విప్పాడు గానీ గొంతులో టీ అడ్డుపడి దగ్గు వచ్చింది. ఆమె వీపు మీద రెండుసార్లు తట్టి, "మొదలవుతోంది" అంది.

అప్పుడు తనే వచ్చాడు. తెర నిండా తన మొహం, ఇంత ముసలివాడినా, చెవుల్లో వెంట్రుకలు, వెనక బూడిద రంగు సముద్రం. హాలు చప్పట్లు కొట్టింది, ఎవరో ఈల వేశారు. కింద అక్షరాలు, నెవిల్, సాంఫైర్ కోసేవాడు. నీళ్ళు వెనకనించి వస్తాయండీ, అంటున్నాడు తెర మీది నెవిల్, మీరు ముందుకి చూస్తూ ఉంటారు, వెనక తలుపు మూసుకుపోతుంది. ఔను, ఇది ముందు చెప్పింది, దీని తర్వాతే ఆ పిల్ల అడిగింది, దీని తర్వాతే. కుర్చీ అంచు పట్టుకున్నాడు. తెర మీది నెవిల్ చెయ్యి చాపాడు, మణికట్టుకి తాడు చుట్టి చూపించాడు, ఇది మా నాన్న ముడండీ, కర్ర పట్టినవాడు కట్ట మీదే కట్టుకోవాలి, ఒకసారి తడిసిందా ఇక ఊడదు, పళ్ళతో లాగినా ఊడదు, ఇంటికొచ్చి కొయ్యాల్సిందే. నవ్వాడు తెర మీది నెవిల్. హాలు కూడా నవ్వింది. ఇప్పుడు, ఇప్పుడు అడుగుతుంది, ఎర్ర టోపీ కనపడదు గొంతు వినిపిస్తుంది, మరి మీ అన్నగారు పోయిన రోజు... తెర మీద బాతులు ఎగిరాయి. డ్రమ్ములు. పండితురాలు మళ్ళీ వచ్చింది, నగల జాబితా చదువుతోంది. అంతేనా. అంతే. కత్తిరించేశారు. మొత్తం కత్తిరించేశారు, ఇరవై అయిదు నిమిషాలూ, రెండుసార్లు పిలిచిన పిలుపూ, అన్నీ ఏదో ఊళ్ళో ఏదో గది నేల మీద పడేశారు. బతికిపోయాను అనుకున్నాడు, అనుకున్న మరుక్షణమే గుర్తొచ్చింది, ఆ మాట ముందొకసారి అనుకున్నాడు, కట్ట మీద బోర్లా పడి గడ్డి నోట్లో ఉండగా, సరిగ్గా ఇదే మాట.

రాజు చనిపోతున్నాడు. పడక, కొవ్వొత్తులు, కడుపు పట్టుకుని మెలికలు. ఆ పడక చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు, ఒకప్పుడు తన చుట్టూ చేరిన ముఖాలు, డెరిక్ పోయిన సాయంత్రం మావిస్ ఇంటి పొయ్యి పక్కన దుప్పట్లలో కళ్ళు తెరిచేసరికి అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, అన్న నీకు కర్ర ఇచ్చాడటగా నాన్నా, అంటోంది. కథ తను కళ్ళు తెరిచేసరికే గదిలో ఉంది. ఎవరు పుట్టించారో తెలీదు, చలికి పలవరించి తనే అన్నాడేమో అనుకున్నాడు, కాదు అనాలనుకున్నాడు, అమ్మ మొహం చూసి అనలేదు. ఆ రాత్రి అనలేదు, మర్నాడు అనలేదు, అనని మాట రోజురోజుకీ బరువెక్కిపోయింది. కట్ట ఎక్కడం గుర్తుంది, దగ్గర్లో మావిస్ ఇంటి దీపం గుర్తుంది, ఆ తర్వాత పొయ్యి, మణికట్టుకి దిండు గలీబు చింపి కట్టిన కట్టు. మధ్యలో ఏమీ లేదు. తాడు. తాడేమైంది? కట్టిన తాడు ఊడదు, పళ్ళతో లాగినా ఊడదు, ఇప్పుడే కదా ఊరందరికీ చెప్పాడు నవ్వుతూ. నెత్తి మీద చన్నీళ్ళు పోసినట్టయింది. వాళ్ళు కత్తిరించింది అనవసరం, ఉంచిందే చాలు. ఊడని ముడి ఉన్న కర్రని ఒక మనిషి ఇంకో మనిషికి నీళ్ళ మధ్యలో ఎట్లా ఇస్తాడు? ఎవరైనా ఆలోచించారా, ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించరు, చప్పట్లు కొడుతున్నారు, సినిమా అయిపోయింది, పేర్లు పైకి పోతున్నాయి, దీపాలు వెలిగాయి. థెల్మా అందరికీ వినపడేలా మన నెవిల్ ఎంత బాగా మాట్లాడాడో అంది. వీపులు తట్టారు, చేతులు కలిపారు, నగలు నీ దుంపల కిందే ఉన్నాయిలే అని గోర్డన్‌ని ఆటపట్టించారు.

గోర్డన్ మాత్రం నవ్వలేదు, బుర్ర గోక్కుంటున్నాడు, మరలూ ముడులూ అంటే ఇష్టపడే మనిషి.

"నెవిల్, ఒక్క మాట. తడిస్తే ఆ ముడి ఊడదంటివి కదా. మరి డెరిక్ నీకు కర్ర ఎట్లా ఇచ్చాడయ్యా?"

చుట్టుపక్కల నాలుగు కుర్చీల మేర మాటలు ఆగాయి. అడగడంలో ఏ దురుద్దేశమూ లేదు, ట్రాక్టరు ఎందుకు ఆగిందని అడిగినట్టు అడిగాడు. స్టీలు డబ్బా బుస వినపడుతోంది.

"డెరిక్ జేబులో కత్తి ఉండేది" అంది మావిస్, గోర్డన్ వైపు తిరక్కుండానే. "తాడు కోసి ఇచ్చాడు."

"ఓహో. అదీ నిజమే" అన్నాడు గోర్డన్, ముడి విడిపోయినందుకు తృప్తిగా, మిగిలిన శాండ్విచ్‌ల కోసం వెళ్ళిపోయాడు. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. కత్తి. కొమ్ము పిడి కత్తి. శుక్రవారం కూడా కిటికీ గట్టు మీద ఉంది, మొన్నటి ఆపిల్ తొక్క ఒకటి పక్కన ఎండిపోయి ఉంది. ఆ రోజు పొద్దున మరిచిపోయాడని మావిసే తనతో వందసార్లు చెప్పింది, కత్తి లేకుండా ఎప్పుడూ వెళ్ళేవాడు కాదు, ఆ ఒక్క రోజే, అని. అబద్ధం ఆడింది. మావిస్, దుకాణంలో ఎక్కువ చిల్లర ఇస్తే తిరిగి వెళ్ళి ఇచ్చే మావిస్, కళ్ళు ఆర్పకుండా ఆడింది, ఈ ప్రశ్న కోసం ఎన్నాళ్ళనించో జవాబు సిద్ధం చేసుకున్నట్టు.

"కత్తి ఆ రోజు ఇంట్లోనే ఉంది" అన్నాడు, తన గొంతు తనకే వినపడనంత మెల్లగా.

"తెలుసు. నీ తాడు కోసింది దాంతోనే."

"ఎవరు?"

"నేనే. తలుపు తీసేసరికి గుమ్మంలో నువ్వు, నీ చేతికి కర్ర. మంచుముద్దలా ఉన్నావు. ముడి డెరిక్ కట్టింది, తను రెండు మెలికలు ఎక్కువ వేసేవాడు, నాకు తెలీదా. కోసి పొయ్యిలో వేశాను. తడి తాడు, కాలడానికి చాలాసేపు పట్టింది." సంచీ పట్టీ మీద ఆమె వేళ్ళు కదల్లేదు. "అప్పటికే మీ అమ్మ మెట్లెక్కుతోంది. ఆమెకి ఒక్క కొడుకన్నా మిగలాలి కదా. డెరిక్ ఇచ్చాడన్నాను. అప్పుడు నోటికొచ్చింది అది."

"అమ్మ పోయి పధ్నాలుగేళ్ళయింది, మావిస్."

"అవును. పధ్నాలుగేళ్ళ నించీ అడుగుతూనే ఉన్నాను, ఇంకేమన్నా ఉందా నెవిల్, అని."

హాల్లో ఎవరో నవ్వారు, ఎవరో కప్పులు పేరుస్తున్నారు, కోట్లు తొడుక్కుంటున్నారు, ఇంకో నిమిషంలో అందరూ వెళ్ళిపోతారు, ఇంకో నిమిషం ఆగితే మళ్ళీ ఎప్పటిలాగే. ఇంకొంచెం. ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చింది, తన గొంతులోదే, కొడవలి చప్పుడుతో సహా. ఇంకొంచెం. నెవిల్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడి చెక్క నేల మీద పెద్ద చప్పుడైంది, అరవై తలలు ఇటు తిరిగాయి, ఇక వెనక్కి తగ్గడానికి లేదు, అదీ మంచిదే. "గోర్డన్" అన్నాడు, "కత్తి లేదు. డెరిక్ నాకు కర్ర ఇవ్వలేదు. పొద్దుట్నించీ నా చేతికే కట్టి ఉంది. తిరుగుదామని డెరిక్ రెండుసార్లు అన్నాడు. నేను వినలేదు. ఆలస్యం నాది. బస్తా ఆశ కూడా నాదే, వాడిది కాదు." ఇంతే. ఇన్నేళ్ళు మోసింది ఇంత చిన్నదా అనిపించింది. గోర్డన్ శాండ్విచ్ పళ్ళెంలో పెట్టేశాడు, థెల్మా చెయ్యి చాపి ఆ స్టీలు డబ్బా మీట ఆపేసింది, ఆ బుస కూడా ఆగిపోయాక హాలు ఎంత పెద్దదో తెలిసింది. గోర్డన్ మొహం ఎర్రబడింది, మావిస్ వంక చూశాడు, నలభై ఏళ్ళుగా వేసిన హాస్యాలన్నీ గుర్తొస్తున్నట్టున్నాయి, తల దించుకున్నాడు.

మావిస్ లేచింది. పడిపోయిన కుర్చీ తీసి, జనం మధ్యలోంచి ఈడ్చుకుంటూ వెళ్ళి తెర పక్కకి నెట్టి, రేకు కింద గోడకి ఆనించింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఎవరినీ సాయం అడగలేదు. కుర్చీ వేసి, వెనక్కి తిరిగి నెవిల్ వైపు చెయ్యి చాపింది, రా అన్నట్టు. జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. ఎక్కాడు. కాళ్ళు ముసలివైపోయాయి, కుర్చీ ఊగింది, ఆమె రెండు చేతులతో కాళ్ళు పట్టుకుంది. మొదటి స్క్రూ కిర్రుమని వచ్చింది. రెండోది వచ్చింది. వెనక అరవై మంది నిలబడి చూస్తున్నారు, నలభై ఏళ్ళ కిందటి లాగే, అప్పటి వాళ్ళలో సగం మంది లేరు.

"చివర్లో ఏం జరిగిందో మాత్రం నాకు తెలీదు" అంది మావిస్ కింద నించి. గొంతులో ఇందాకటి నిబ్బరం లేదిప్పుడు. "అది నువ్వొక్కడివే చెప్పగలవు."

"వాగు దాటాను. వాడు దాటలేకపోయాడు. కర్ర చాపాను, కొస పట్టుకున్నాడు. నేనూ జారిపోతున్నాను, నా చేతికి కట్టి ఉంది కదా, నేను వదల్లేను." స్క్రూడ్రైవర్ జారింది, మళ్ళీ కుదుర్చుకున్నాడు. "నా మణికట్టు వంక చూశాడు. వాడు కట్టిన ముడి. చూసి, వాడే వదిలేశాడు."

మూడో స్క్రూ చేతిలోకి వచ్చింది. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా కదల్లేదు, కళ్ళలో నీళ్ళు నిండి గాడి కనపడడం లేదు.

"తొందరేం లేదు" అంది మావిస్. "కుర్చీ నేను పట్టుకున్నాను."